బావిలో తాబేలు, దాని గుడ్ల సంగతి



ఈవేళ నేను మీతో చెప్పదలచిన నాలుగు మాటలు పంటను గురించి కాదు, పాడిని గురించీ కాదు. తాబేలును గురించి. మనవైపు తాంబేలు అంటాము. “తాంబేలును గురించి చెప్పేదేమున్నదయ్యా, వానకు ఎరువుల ధరకు పొత్తు కుదరక మేము చస్తుంటే” అని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి. కాని చెరువు కింద తరి వున్నవాడికి, ఇంటి వెనుక చేదబావి వున్నవాడికి, వేసవిలో చెరువు మట్టి చెలకకు తోలుకొనేవాడికి ఈ జంతువుతో యేదో ఒకనాడు పని పడుతుంది. పడినప్పుడు మనలో పదిమందిలో తొమ్మిదిమంది దానికి మేలు చేస్తున్నామనుకొని కీడు చేస్తాము. నేనూ చేశాను. అందుకే చెప్తున్నాను.

మాది దేవరకొండ వైపు ఒక చిన్న వూరు. వూరికి పడమర ఒక కుంట. నాకు తొమ్మిదేండ్లప్పుడు, నాట్లు వేసే రోజుల్లో, మడిలో ఒక తాబేలు దొరికింది. పళ్లెమంత వుంటుంది. దానిని గంపలో వేసుకొని వచ్చి, ఇంటి చేదబావిలో వేశాను. ఆ రోజుల్లో అందరూ చేసే పనే అది. బావిలో తాబేలు వుంటే నీళ్లు తేటగా వుంటాయనీ, ఇంటికి సిరి వస్తుందనీ నమ్మకం. మా అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. “బిడ్డా, దాన్ని బాయిలెయ్యకు. అది గుడ్లు పెట్టాలంటే మట్టి కావాలె. బాయిల రాయి తప్ప యేమున్నది?” అన్నది. అవ్వ మాట యెవరు విన్నారు!

తర్వాత యేండ్లకేండ్లు ఆ తాబేలు మా బావిలోనే వున్నది. యెండాకాలం బావి పూడిక తీసినప్పుడల్లా దానిని గంపలో పైకి చేది, గాబులో వుంచి, పని అయిన తర్వాత మళ్లీ దింపేవారము. ఒకసారి అట్లా పూడిక తీస్తుండగా అడుగున బురదలో తెల్లని గుండ్రని గుడ్లు తేలినవి. గోలీకాయకన్న కొంచెం పెద్దవి. ఎనిమిదో తొమ్మిదో వున్నాయి. నేను సంబరపడి, ఆ గుడ్లను తెచ్చి, మా ఇంట్లో పొదుగుకు కూర్చున్న కోడిపెట్ట కింద పెట్టాను. కోడి గుడ్లు 21 రోజులకు లేచినవి. తాబేలు గుడ్లు అట్లాగే వున్నవి. నెల గడిచింది, వాసన కొట్టినవి, పారవేశాము. అవ్వ చూసి మళ్లీ యేమీ అనలేదు. అప్పుడు నాకు తెలియనిది, పశువైద్యశాఖలో వుద్యోగానికి వచ్చి, నలుగురినీ అడిగి, పుస్తకాలు చూచిన తర్వాత తెలిసింది. ఆ గుడ్లు కోడి కింద చెడలేదు. నీళ్లలో పడిననాడే చచ్చినవి. తాబేలు నీళ్లలో బ్రతుకుతుంది గాని, దాని గుడ్డు నీళ్లలో బ్రతకదు.

సరే, ముందు మన తాబేలు యెవరో తెలుసుకుందాము.

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలలో, అంటే 2016లో విడగొట్టిన తర్వాత నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత నారాయణపేట అని పిలిచే ఈ ప్రాంతమంతటా, కుంటల్లో, చెరువుల్లో, కాలువల్లో, వరి మళ్లలో యెక్కువగా కనబడేది మెత్తని చిప్ప గల నీటి తాబేలు. దాని చిప్ప మీద పలకలుండవు. తోలు కప్పినట్లు నున్నగా వుంటుంది. పొట్టవైపు వెనుక కాళ్ల దగ్గర రెండు రెక్కల వంటి మూతలు వుంటాయి. భయపడితే తలా కాళ్లూ లోపలికి తీసుకొని ఆ మూతలు వేసుకొంటుంది. అమెరికాలో పెట్టె తాబేలు అని ఒక జాతి వున్నది. దాని అడుగుచిప్పకు మడతబందు వంటి కీలు వుండి, పెట్టె మూసినట్లు పూర్తిగా మూసుకొంటుంది. అక్కడివారు కొందరు దానిని తోటలో పెంచుతారు, దాని గుడ్లను పొదిగిస్తారు. అటువంటి పెట్టె తాబేళ్లు మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో, నికోబారు దీవుల్లో వున్నవి గాని మన వైపు లేవు. మనకున్న ఈ మూతల తాబేలే వాటికి దూరపు పోలిక.

ఇంకొకటి, రాయలసీమలో, చిత్తూరు వైపు బీళ్లల్లో తిరిగే నక్షత్ర తాబేలు. నల్లటి చిప్ప మీద పసుపుపచ్చని చుక్కలూ గీతలూ నక్షత్రాల మాదిరి వుంటాయి. అది మెట్ట తాబేలు, గడ్డీ ఆకూ తింటుంది. అందంగా వుంటుంది గనుక దానిని పట్టి దేశదేశాలకు దొంగతనంగా పంపుతున్నారు. 2019లో జరిగిన అంతర్జాతీయ సభలో దాని వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను దేవుని పేర వుంచి సాకుతారు. కూర్మావతారం గుడి గదా. అది వేరే సంగతి. గుడిలో వున్నది గనుక మన ఇంట్లోనూ వుండవచ్చునని అర్థం కాదు.

ఇక ఇంట్లో పెంచే మాట వచ్చింది గనుక సూటిగా చెప్పేస్తాను. చెరువులో దొరికిన ఈ మూతల తాబేలును ఇంట్లో గానీ, తొట్టిలో గానీ, బావిలో గానీ వుంచడం చట్టరీత్యా నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి అనుసూచికలో వున్నది, అంటే పులి వున్న జాబితాలోనే. 2022లో ఆ చట్టాన్ని సవరించారు. సవరణ 2023 యేప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి అనుసూచికలోని ప్రాణిని పట్టినా చంపినా మూడేండ్లకు తక్కువ కాకుండా యేడేండ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేలకు తక్కువ కాని జుల్మానా. మరొక మాట. సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూటిని కదపడం కూడా చట్టం దృష్టిలో వేట కిందికే వస్తుంది. పిల్లవాడు సరదాకు దారం కట్టి ఆడించే తాబేలు కోసం తండ్రి కోర్టు మెట్లెక్కవలసి వస్తే యెట్లా వుంటుందో ఆలోచించండి.

“యెవరో వచ్చి ఇరవై గోళ్ల తాబేలు వుంటే లక్షలు ఇస్తామన్నారు” అని చెప్పి మోసపోయినవారు వున్నారు. ఒక చిన్న లెక్క చెప్తాను. మన మూతల తాబేలుకు ఒక్కొక్క కాలికి గోళ్లు మూడు. నాలుగు కాళ్లకు కలిపి 12. నక్షత్ర తాబేలుకు ముందుకాళ్లకు అయిదేసి, వెనుకకాళ్లకు నాలుగేసి, మొత్తం 18. ఇరవై గోళ్ల తాబేలు కోసం తిరిగేవాడు మీ పటువారీ లెక్కలోనూ లేడు, నా లెక్కలోనూ లేడు. వాడిని గడప దాటనివ్వకండి. తాబేళ్లను లారీలకెత్తి తూర్పు దేశాలకు మాంసం కోసం పంపే ముఠాలు కూడా వున్నవి. 2017 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో ఒక్కచోటనే ఆరు వేలకు పైగా మూతల తాబేళ్లు గోనె సంచుల్లో పట్టుబడినవి. 2009 సెప్టెంబరు నుంచి 2019 సెప్టెంబరు దాకా పదేండ్లలో మన దేశంలో పట్టుబడిన తాబేళ్లు లక్షా పదకొండు వేల పైచిలుకు అని లెక్క కట్టారు. పట్టుబడనివి యెన్నో దేవునికి తెలియాలి.

ఇప్పుడు గుడ్ల సంగతికి వస్తాను. ఇందులోనే మనం తెలుసుకోవలసినది యెక్కువ వున్నది.

కోడిగుడ్డు వ్యవహారం మీ అందరికీ తెలుసు. పెట్ట పొదుగుకు కూర్చుంటుంది. దాని ఒంటి వేడి గుడ్డుకు తగులుతుంది. యంత్రంలో పొదిగిస్తే 37, 38 డిగ్రీల మధ్య వుంచుతారు. కోడి రోజుకు యెన్నోసార్లు ముక్కుతో గుడ్లను తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అంటుకొని చచ్చిపోతుంది. అందుకే హేచరీలలో యంత్రం కూడా గంటకొకసారి గుడ్లను అటూ ఇటూ వంచుతుంది.

తాబేలు గుడ్డు దీనికి సరిగ్గా తలక్రిందులు. కోడిగుడ్డులో పచ్చసొనను నడుమ నిలబెట్టే రెండు తెల్లని పేటల వంటివి వుంటాయి, పగులగొట్టినప్పుడు చూసే వుంటారు. తాబేలు గుడ్డులో అవి లేవు. గుడ్డు పెట్టిన ఒక రోజు లోపల పిండం పైకి తేలి, పెంకు లోపలి పొరకు పైభాగాన అంటుకొంటుంది. అది అక్కడ అంటుకొని వుంటేనే గాలి తీసుకొని పెరుగుతుంది. అప్పుడు గుడ్డును తిప్పితే పిండం కిందికి పోతుంది, అంటు వూడిపోతుంది, చస్తుంది. గట్టి పెంకు గల తాబేలు గుడ్లలో, పిండం బాగా అంటుకొన్న చోట పైన సున్నం పూసినట్లు తెల్లని మచ్చ కనబడుతుంది. ఆ మచ్చ యెటువైపు వుంటే అదే గుడ్డుకు పైభాగం.

కనుక నేను చిన్నప్పుడు చేసిన పనిలో మూడు తప్పులున్నవి. నీళ్లలో మునిగిన గుడ్డు తేవడం ఒకటి. అది చచ్చిందని తెలియకపోవడం పిల్లతనం, పోనివ్వండి. ఒకవేళ బ్రతికే వున్నా, కోడి వేడి దానికి యెక్కువ. తాబేలు గుడ్లకు నేల వేడి, అంటే సుమారు 28 నుంచి 32 డిగ్రీల దాకా చాలు. మూడోది, కోడి తిప్పుతుంది. తిప్పిన ప్రతిసారీ దానికి చావే. ఈ మధ్య కూడా ఒక వూళ్లో దున్నకంలో దొరికిన గుడ్లను కోడి కింద పెట్టామని ఒక రైతు నాతో చెప్పాడు. మనసు మంచిదే. పని మాత్రం పనికిరాదు.

వేడి సంగతిలో ఒక వింత వున్నది. నక్షత్ర తాబేలులోనూ, సముద్రపు తాబేళ్లలోనూ పుట్టేది మగదా ఆడదా అనేది పుట్టుకతో రాసిపెట్టి వుండదు. గుడ్డు వున్న చోటి వేడిని బట్టి నిర్ణయమవుతుంది. చల్లగా వుంటే మగవి యెక్కువ, వేడిగా వుంటే ఆడవి యెక్కువ. తేడా యెంతో కాదు, రెండు మూడు డిగ్రీలే. సముద్రపు తాబేళ్లలో 29 డిగ్రీల చుట్టుప్రక్కల ఆ గీత వుంటుంది. గూటి మీది చెట్టు నరికినా, దాని మీద కట్టెల మోపు వేసినా, లోపల పుట్టేవాటి లెక్క మారిపోతుందన్న మాట.

మన మూతల తాబేలు ఆడది నీళ్లు విడిచి గట్టు యెక్కి, చెరువు కట్ట పాదంలోనో, పొలం గట్టు పక్కనో, వెనుక కాళ్లతో గుంట తవ్వుతుంది. ఒక ఈతకు రెండు మొదలు డజను దాకా గుడ్లు పెడుతుంది. గుండ్రంగా, గట్టి పెంకుతో, అంగుళం పైచిలుకు అడ్డం వుంటాయి. పెట్టి, మట్టి కప్పి, నేల చదును చేసి పోతుంది. మళ్లీ తిరిగి చూడదు. తర్వాత కాపలా అంటూ లేదు. ముంగిస, ఉడుము, నక్క, వూరకుక్క, పంది, యెవరు ముందు వాసన పడితే వారిదే పంట.

మిగిలిన గుడ్లు యెన్నాళ్లకు లేస్తవో మీరు వూహించలేరు. కోడికి 21 రోజులు. బాతుకు 28. మూతల తాబేలుకు నెలల తరబడి పడుతుంది, ఒక్కొక్కచోట ఎనిమిది తొమ్మిది నెలలు దాటుతుంది. లోపలి పిండం మొదట్లో కొంతకాలం పెరుగుదల ఆపుకొని, విత్తనం మాదిరి నిద్రపోతుంది. చలి పోయి, యెండ ముదిరి, మళ్లీ తొలకరి పడి నేల మెత్తబడే వేళకు పిల్లలు బయటికి వచ్చే విధంగా దాని లెక్క అది చూసుకొంటుంది. కంది విత్తనం ఒక్క జల్లుకు మొలిచి యెండిపోవడం మనకు తెలుసు. ఈ గుడ్డు అంత తొందరపడదు.

అంటే మన గట్ల కింద ఈ గుడ్లు వానకాలం తర్వాత పడి, చలికాలమంతా, వేసవి అంతా వుంటున్నవి. అదే కాలంలో మనం వేసవి దుక్కి దున్నుతాము. గట్లు చెక్కుతాము. ట్రాక్టరు పెట్టి గట్టు తీసి రెండు మళ్లు ఒకటి చేస్తాము. చెరువు పూడిక తీస్తాము. మనకు కనబడకుండానే యెన్ని గూళ్లు పోతున్నవో!

మరి దున్నేటప్పుడు గుడ్లు బయటపడితే యేమి చేయాలి? మొట్టమొదట నాగలి ఆపండి. బయటికి పొర్లిన గుడ్డును ముట్టవలసి వస్తే, అది పడివున్న తీరునే పట్టుకోండి. తిప్పవద్దు, కడగవద్దు, చెవి దగ్గర పెట్టి ఆడించవద్దు. పెన్సిలుతో పైభాగాన చిన్న గుర్తు పెట్టుకొంటే మంచిది. పగలనివాటిని, వున్న గుంటలోనే, గుర్తు పైకి వుండేటట్లు పెట్టి, అదే మట్టిని వదులుగా కప్పండి. కాళ్లతో తొక్కి గట్టిచేయకండి, గుడ్డుకు గాలి కావాలి. పైన ఒక ముళ్లకంప వేస్తే కుక్కా పందీ రావు. ఆ చుట్టూ రెండు మూరల మేర దున్నకుండా వదలండి. యెకరంలో ఆ కాస్త చోటు పోయినంత మాత్రాన మీ ధాన్యం బస్తాల్లో తేడా రాదు. తర్వాత మీ వైపు అటవీ బీటు ఆఫీసరుకు ఒక కబురు చేయండి. ఆ చోట కాలువ రావలసి వున్నా, కట్ట తెగ్గొట్టవలసి వున్నా, గుడ్లను మరోచోటికి మార్చే పని వారి చేతనే చేయించాలి, మనం చేయకూడదు.

కోస్తా జిల్లాల్లో సముద్రపు తాబేళ్ల గుడ్లకు ఇట్లాంటి పని యేటా జరుగుతూనే వున్నది. ఆలివ్ రిడ్లీ అనే తాబేళ్లు రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెట్టి పోతవి. కాపలా వుండేవారు కొన్ని గంటల లోపలనే, పిండం అంటుకోక ముందే, వాటిని తీసి, కంచె వేసిన ఇసుకమడిలో అంతే లోతున గుంట తీసి పూడ్చిపెడతారు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు లేస్తవి. అక్కడి జాలరి సోదరులు చాలామంది ఈ పనిలో కూలికి కాదు, ఇష్టంతో నిలబడుతున్నారు. వారు చేయగలిగింది మనం చేయలేమా అని నేను అనడం లేదు. వారికి గుడ్డు పెట్టే రాత్రి తెలుసు, మనకు తెలియదు. అందుకే మన పని ఇంకా సులువు. వున్నచోట వుంచితే చాలు.

గుడ్డు లేచే వేళ కూడా ఒక జాగ్రత్త వున్నది. పిల్ల ముట్టె చివర చిన్న ముల్లు వంటిది వుంటుంది. దానితో పెంకు చీలుస్తుంది. చీల్చిన తర్వాత వెంటనే బయటికి రాదు. పొట్ట కింద మిగిలిన సొన సంచి లోపలికి పోయేదాకా ఆగుతుంది, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజులు పడుతుంది. “పాపం, రాలేక వున్నది” అని పెంకు వొలిచి లాగితే ఆ సంచి తెగి పిల్ల పోతుంది. తొలకరిలో గట్టు మీద రూపాయి బిళ్లల మాదిరి పిల్లలు కనబడితే వాటి దారిన వాటిని పోనివ్వండి. పిల్లలను తెచ్చి గిన్నెలో వేసి మెతుకులు పెట్టవద్దు. ఎండ తగలక, సున్నం అందక, చిప్ప మెత్తబడి వంకరపోయి చస్తాయి.

ఇక చెరువు పూడిక. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పటినుంచి రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల్లో, కుంటల్లో పూడిక తీసే పని తలపెట్టారు. ఆ మట్టిని మన రైతులు చెలకల్లోకి తోలుకున్నారు. ఆ మట్టి బలం మీకు నేను చెప్పనక్కరలేదు. ఐతే యెండిన చెరువు శిఖంలో మన తాబేలు చచ్చిపోయిందనుకోకండి. నీళ్లు తగ్గగానే అది బురదలోకి దిగి, ఆ బురద యెండి పెంకు కట్టినా లోపలే పడి నిద్రపోతుంది, నెలల తరబడి. మీ ట్రాక్టరు డబ్బాలో మట్టిపెడ్డలతోపాటు అది కూడా చెలకలోకి వస్తుంది. అక్కడ మే నెల యెండలో యెండి చస్తుంది, లేదా కాకులు పొడిచి తింటవి. పొక్లెయిను నడిపే తమ్ముడికి ముందుగానే ఒక మాట చెప్పి వుంచండి. తాబేలు కనబడితే, తవ్వకం లేని వైపున, తూము దగ్గర తడి వున్న చోట, నీడలో, బురద కప్పి వదలండి. మిట్టమధ్యాహ్నం లోతు నీళ్లలోకి గిరాటు వేయవద్దు. నిద్రలో వున్న ప్రాణి వెంటనే యీదలేదు.

చేపలు పట్టే మత్స్య సంఘాలవారు తాబేలు వలలో చేపలు కొరుకుతుందని కోపపడతారు. కొరుకుతుంది, కాదనను. కాని అది తినేదానిలో చచ్చిన చేప, నత్త, కప్ప, నాచు, కుళ్లు యెక్కువ. నత్తలు తగ్గడం గొర్రెలవారికి మంచిదే. ఎందుకంటే గొర్రెల కార్జంలో చేరే జలగ పురుగు తన బ్రతుకులో ఒక భాగం నీటి నత్తలోనే గడుపుతుంది. తాబేలు వున్నదని జలగ మందు తాపించడం మానవద్దు, అంత నమ్మకం నాకూ లేదు. ఐతే వల రాత్రంతా నీళ్లలో వదలితే తాబేలు ఊపిరాడక చస్తుంది, చేపా పాడవుతుంది. పొద్దుగూకి వేసి, నడిరేయి ఒకసారి యెత్తి చూస్తే రెండు విధాల లాభం.

బావి మాటతో మొదలుపెట్టాను, మళ్లీ బావికే వస్తాను. తాబేలు బావి నీళ్లను శుభ్రం చేస్తుందన్నది పూర్తిగా తప్పు కాదు. పడ్డ పురుగునూ కప్పనూ తింటుంది. కాని అది విసర్జించేదీ ఆ నీళ్లలోనే. తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వుండడం సాధారణం. దానివల్ల మనుషులకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు, విరేచనాలు, జ్వరం వస్తాయి. అమెరికాలో పిల్లలు చిన్న తాబేళ్లను నోట్లో పెట్టుకొని జబ్బుపడుతున్నారని, 1975లో నాలుగు అంగుళాల కన్న చిన్న తాబేలు అమ్మకాన్నే నిషేధించారు. కనుక తాబేలు ముట్టిన చేతులు సబ్బుతో కడగాలి. బావి నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగు పొడిని బకెట్టులో కలిపి, తేరిన తేటను మాత్రం వేసి, గంట ఆగి వాడుకోవాలి. తాబేలు చేసే పని కన్న అది నమ్మదగినది.

నల్లగొండ వైపు వారికి ప్రత్యేకంగా చెప్పాలి. మీ బావుల్లో వుండే ఫ్లోరైడును తాబేలూ తీయదు, కాచి వడబోసినా పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదు. పటికా సున్నమూ కలిపి తేర్చే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థవారు 1970 దశకంలో తయారుచేసి, దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. కీర్తో అపకీర్తో మీరే చెప్పండి. నది నీళ్లు నల్లాలో వస్తుంటే తాగడానికి అవే వాడండి.

మరి ఇప్పటికే బావిలో తాబేలు వున్న ఇంటివారు యేమి చేయాలి? ముందు బావి యెట్లాంటిదో చూడండి. మెట్లున్న దిగుడుబావి ఐతే, పక్కన మట్టి ఒడ్డు వుంటే, అది తన ఇష్టానికి పైకి వచ్చి గుడ్లు పెట్టి పోగలదు. దానిని కదపవలసిన పని లేదు. రాతికట్టు, సిమెంటు వరలు వేసిన చేదబావి ఐతే అది జైలే. ఆడది గుడ్లు వచ్చినప్పుడు వారం పది రోజులు గోడ గీరి గీరి, దారి లేక నీళ్లలో జారవిడుస్తుంది. ఇరవై యేండ్లు బ్రతికినా ఒక్క పిల్ల లేదు. అట్లాంటి దానిని, బీటు ఆఫీసరుకు తెలియజేసి, తొలకరి పడి కుంటలో నీళ్లు చేరిన తర్వాత, ఒక చల్లని సాయంకాలం గంపలో పైకి తీసి, అదే వూరి కుంట అంచున వదలండి. పొరుగూరికి పంపవద్దు. వాడకం లేని పాతబావులు చాలా వూళ్లలో చెత్తతో నింపుతున్నారు. పూడ్చే ముందు ఒకసారి దీపం వేసి లోపల చూడండి.

పట్నంలో గాజుతొట్ల దుకాణాల్లో అమ్మే, చెవి దగ్గర ఎర్రని చార వున్న చిన్న ఆకుపచ్చని తాబేలు వేరు. అది అమెరికాది. పిల్లలు ముచ్చటపడి తెస్తారు. రెండేండ్లకు పళ్లెమంత అవుతుంది, ముప్పై యేండ్ల దాకా బ్రతుకుతుంది, నీళ్లు కంపు కొడతాయి. అప్పుడు “పోనీ, పాపం” అని తెచ్చి వూరి చెరువులో వదలుతారు. అది చేయకండి. ప్రపంచంలో పరాయినేలలకు చేరి మిక్కిలి చెరుపు చేసే వంద జాతుల జాబితాలో దానిని చేర్చారు. మన తాబేలు తిండినీ, యెండ కాగే చోటునూ అది లాక్కొంటుంది. తెచ్చినవారు తమ దగ్గరనే వుంచుకోవాలి. తొట్టిలో యెక్కి కూర్చోవడానికి రాయి, రోజూ కాస్త యెండ, ఆకుకూర, అప్పుడప్పుడు చిన్న చేప ముళ్లతో సహా పెట్టాలి. సాకలేకపోతే అటవీశాఖవారిని గాని జంతుప్రదర్శనశాలవారిని గాని అడిగి వారు చెప్పినట్లు చేయాలి. అది గుడ్లు పెడితే పొదిగించవద్దు.

మా ఇంటి బావి సంగతి చెప్పి ముగిస్తాను. నేను వుద్యోగంలో చేరిన యేడు వానాకాలంలో ఆ తాబేలును పైకి తీయించాము. చిప్ప మీద పాచి పట్టి నల్లగా అయింది. కుంట అంచున దించితే చాలాసేపు కదలలేదు. అవ్వ అప్పటికి లేదు. మా నాయన పక్కనే గొంతుక్కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. బీడీ అయిపోయే వేళకు అది తల బయటపెట్టి, నీళ్ల వైపు కాదు, గట్టు వైపు తిరిగి, మెత్తని మన్ను వున్న చోటికి నడిచింది.